నాగియోస్ కాన్ఫిగరేషన్ దోషాలు

నాగియోస్ అనేది కంప్యూటరు నెట్‌వర్కులను, వాటిలోని సర్వర్లను, అవి అందించే సేవలను నిరంతరం కనిపెట్టి ఉండే ఒక స్వేచ్ఛా సాఫ్టువేరు. ఒక యంత్రం స్పందించకపోయినా, ఒక సేవ ఆగిపోయినా ఇది సంబంధిత నిర్వాహకులకు ఈమెయిలు వంటి మార్గాలలో హెచ్చరిక పంపుతుంది. వేటిని పరీక్షించాలి, ఎంతసేపటికొకసారి పరీక్షించాలి, ఎవరికి తెలపాలి అనే విషయాలను నిర్వాహకుడు కొన్ని టెక్స్టు ఫైళ్ళలో రాసి ఉంచాలి. ఈ ఫైళ్ళలో దొర్లే తప్పులే కాన్ఫిగరేషన్ దోషాలు. వీటిలో రెండు రకాలు ఉన్నాయి. మొదటి రకం దోషాలు నాగియోస్‌ను అసలు ప్రారంభం కానివ్వవు కనుక వెంటనే బయటపడతాయి. రెండవ రకం దోషాలు ఉన్నా నాగియోస్ మామూలుగానే నడుస్తున్నట్లు కనిపిస్తుంది. ఏదైనా సర్వరు ఆగిపోయి హెచ్చరిక రానప్పుడు మాత్రమే ఇవి తెలుస్తాయి. అందువలన ఇవే ఎక్కువ ప్రమాదకరమైనవి.

నేపథ్యం

నాగియోస్‌ను ఈథన్ గాల్‌స్టాడ్ రూపొందించాడు. ఇది 1999లో నెట్‌సెయింట్ అనే పేరుతో విడుదలైంది. ట్రేడ్‌మార్కు సమస్య వలన 2002లో పేరు నాగియోస్‌గా మారింది. సి భాషలో రాయబడిన ఈ సాఫ్టువేరు గ్ను జీపీఎల్ రెండవ వెర్షను క్రింద లభిస్తుంది. 3.0 వెర్షను 2008లోను, 4.0 వెర్షను 2013లోను వెలువడ్డాయి. 2009లో దీని నుండి చీలి ఏర్పడిన ఐసింగా తొలి వెర్షన్లు ఇదే రకమైన ఫైళ్ళను వాడాయి. కనుక క్రింద వివరించిన దోషాలలో చాలా వరకు వాటికి కూడా వర్తిస్తాయి.

ఫైళ్ళ అమరిక

నాగియోస్ ముందుగా 'నాగియోస్.సీఎఫ్‌జీ' అనే ప్రధాన ఫైలును చదువుతుంది. మిగిలిన ఫైళ్ళు ఎక్కడ ఉన్నాయో ఇందులో రెండు విధాలుగా చెప్పవచ్చు. 'సీఎఫ్‌జీ_ఫైల్' అనే నిర్దేశం ఒక్కొక్క ఫైలును పేర్కొంటుంది. 'సీఎఫ్‌జీ_డిర్' అనే నిర్దేశం ఒక డైరెక్టరీని, దాని ఉప డైరెక్టరీలను మొత్తంగా చేర్చుతుంది. అయితే ఈ డైరెక్టరీలలో '.సీఎఫ్‌జీ' అనే పొడిగింపు ఉన్న ఫైళ్ళనే నాగియోస్ చదువుతుంది. వేరే పొడిగింపుతో భద్రపరచిన ఫైలును ఏ హెచ్చరికా లేకుండా వదిలివేస్తుంది.

యంత్రాలు, సేవలు, సంప్రదింపు వ్యక్తులు, ఆదేశాలు మొదలైన వాటిని ఆబ్జెక్టులు అంటారు. ఒక యంత్రం నిర్వచనం ఈ విధంగా ఉంటుంది (అసలు ఫైలులో నిర్దేశాలను ఆంగ్ల లిపిలో రాయాలి):

డిఫైన్ హోస్ట్ {
    యూజ్    లినక్స్-సర్వర్
    హోస్ట్_నేమ్    గ్రంథాలయం
    అడ్రస్    192.168.1.10
}

ఇందులో 'లినక్స్-సర్వర్' అనేది ఒక మూస. పలు యంత్రాలకు ఉమ్మడిగా ఉండే విలువలను మూసలో ఒకసారి రాస్తే, 'యూజ్' ద్వారా వాటిని ప్రతి యంత్రానికీ తీసుకోవచ్చు.

ముందస్తు తనిఖీ

నాగియోస్‌ను '-వి' అనే ఐచ్ఛికంతో నడిపి, ప్రధాన ఫైలు పేరు ఇస్తే, పర్యవేక్షణ మొదలుపెట్టకుండా ఫైళ్ళను మాత్రం తనిఖీ చేస్తుంది. చివరలో మొత్తం హెచ్చరికలు, మొత్తం దోషాలు ఎన్నో చూపుతుంది. దోషాలు ఉంటే నాగియోస్ ప్రారంభం కాదు. హెచ్చరికలు మాత్రమే ఉంటే ప్రారంభమవుతుంది. అయినా హెచ్చరికలను తేలికగా తీసుకోరాదు. ఉదాహరణకు, ఒక సేవకు సంప్రదింపు వ్యక్తులెవరూ లేరన్నది హెచ్చరిక మాత్రమే. దానిని పట్టించుకోకపోతే ఆ సేవ ఆగినపుడు ఎవరికీ సమాచారం అందదు.

ప్రారంభాన్ని ఆపే దోషాలు

* మూయని కుండలీకరణం: నిర్వచనం చివర '}' లేకపోతే నాగియోస్ తరువాతి నిర్వచనాన్ని కూడా అందులో భాగంగానే చదవబోతుంది. అందువలన దోషం ఉన్నదని చూపే వరుస అసలు తప్పు ఉన్న చోటు కంటే క్రిందికి ఉంటుంది. అక్కడి నుండి పైకి వెతకాలి.
* తప్పు నిర్దేశం: నిర్దేశాల పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా కూడా లెక్కకు వస్తుంది. అక్షరదోషం ఉన్న పేరును చెల్లని నిర్దేశంగా తెలుపుతుంది.
* లేని ఆబ్జెక్టు: సేవ నిర్వచనంలో రాసిన యంత్రం పేరు, మూస పేరు లేదా ఆదేశం పేరు మరెక్కడా నిర్వచించబడి ఉండకపోవడం. ఒక యంత్రం పేరు మార్చి, దాని సేవలలో మార్చడం మరచిపోయినపుడు ఇది తరచుగా కనిపిస్తుంది.
* వలయాకార సంబంధం: 'పేరెంట్స్' నిర్దేశం ద్వారా ఒక స్విచ్చికి రూటరును, ఆ రూటరుకు తిరిగి అదే స్విచ్చిని మాతృ యంత్రంగా రాయడం.
* నమోదు కాకూడని మూస: మూసలో 'రిజిస్టర్ 0' అని రాయకపోతే నాగియోస్ దానిని నిజమైన యంత్రంగా భావించి, పేరు మొదలైనవి లేవని తిరస్కరిస్తుంది.

ఒక్క తప్పు వలన పలు దోష సందేశాలు రావచ్చు. కనుక మొదటి సందేశాన్ని సరిదిద్ది, మళ్ళీ తనిఖీ చేయడం మంచి పద్ధతి.

తనిఖీకి చిక్కని దోషాలు

ముందస్తు తనిఖీ ఫైళ్ళ రూపాన్ని, పరస్పర సంబంధాలను మాత్రమే పరిశీలిస్తుంది. నిర్వాహకుని ఉద్దేశం నెరవేరుతున్నదో లేదో దానికి తెలియదు.

* 'రిజిస్టర్ 0'ను పొరపాటున నిజమైన యంత్రానికి రాస్తే, ఆ యంత్రం పర్యవేక్షణ నుండి తొలగిపోతుంది. మూసను నకలు చేసి యంత్రం నిర్వచనం తయారు చేసినపుడు ఇలా జరుగుతుంది.
* మూసలో ఉన్న సంప్రదింపు బృందానికి మరొక బృందాన్ని చేర్చదలచి, యంత్రం నిర్వచనంలో కొత్త బృందం పేరు మాత్రమే రాస్తే పాత బృందం తొలగిపోతుంది. చేర్చాలంటే విలువకు ముందు '+' గుర్తు ఉండాలి.
* ఆబ్జెక్టు నిర్వచనాలలో ';' తరువాతి భాగాన్ని నాగియోస్ వ్యాఖ్యగా పరిగణిస్తుంది. ఆదేశంలో ఈ గుర్తు అవసరమైతే దానికి ముందు '\' ఉంచాలి. లేకపోతే ఆదేశం సగంలో తెగిపోతుంది.
* ఆదేశం పేరు నిర్వచించబడి ఉంటే చాలు, అది పిలిచే ప్లగిన్ ఫైలు నిజంగా ఉన్నదా లేదా అని తనిఖీ చూడదు. నడిచేటపుడు రిటర్న్ కోడ్ 127 వస్తే సాధారణంగా ప్లగిన్ ఆ చోట లేదని, 126 వస్తే దానిని నడిపే అనుమతి లేదని అర్థం. నాగియోస్ ఏ వాడుకరి పేరుతో నడుస్తుందో, అదే పేరుతో ప్లగిన్‌ను చేతితో నడిపి చూడాలి. రూట్ వాడుకరిగా నడిపితే అనుమతి లోపం బయటపడదు.
* మాతృ యంత్రాన్ని తప్పుగా రాస్తే, ఆగిపోయిన యంత్రం 'డౌన్' అని కాక 'అన్‌రీచబుల్' అని నమోదు కావచ్చు. ఈ రెండవ స్థితికి సమాచారం కోరని వ్యక్తికి హెచ్చరిక అందదు.
* స్థితిని నిలుపుకునే సౌలభ్యం అమలులో ఉంటే, వెబ్ పేజీ నుండి ఆపివేసిన హెచ్చరికలు పునఃప్రారంభం తరువాత కూడా ఆగే ఉంటాయి. ఫైలులో విలువ సరిగానే కనిపించినా, నాగియోస్ చివరిసారి భద్రపరచిన విలువనే తీసుకుంటుంది.

నివారణ

ఒకసారి ఒక మార్పు మాత్రమే చేయడం, ఫైళ్ళను వెర్షన్ నియంత్రణలో ఉంచడం, ప్రతి పునఃప్రారంభానికి ముందు తనిఖీ చేయడం సాధారణ జాగ్రత్తలు. మూసల నుండి విలువలన్నీ చేరిన తరువాత ఏర్పడిన తుది నిర్వచనాలను నాగియోస్ ఆబ్జెక్టు క్యాషె ఫైలులో రాస్తుంది. ఒక యంత్రానికి నిజంగా ఏ బృందం వర్తిస్తున్నదో ఇందులో చూడవచ్చు.

తనిఖీలో దోషాల సంఖ్య సున్నా అయినంత మాత్రాన పర్యవేక్షణ సక్రమంగా ఉన్నదని చెప్పలేము. కొత్తగా చేర్చిన సేవను అనుకూలమైన సమయంలో కావాలని ఆపి, హెచ్చరిక సరైన వ్యక్తికి చేరిందో లేదో చూడాలి. 'మ్యాక్స్_చెక్_అటెంప్ట్స్' విలువ 3, తిరిగి పరీక్షించే వ్యవధి 1 నిమిషం అయితే, మొదటి వైఫల్యాన్ని గుర్తించిన సుమారు 2 నిమిషాల తరువాతనే హెచ్చరిక వెలువడుతుంది. కనుక అంతవరకు వేచి ఉండాలి.

ఇవి కూడా చూడండి

* స్వేచ్ఛా సాఫ్టువేరు
* లినక్సు
* కంప్యూటర్ నెట్‌వర్క్