కెర్నెల్ మారగానే హార్డ్‌డిస్కు నెమ్మదిస్తే..?

* డిస్కు మార్చే ముందు కారణం తెలుసుకోవడం మేలు
* వేగం కోసం రక్షణ తొలగిస్తే సమాచారానికే ముప్పు

ఆపరేటింగ్ సిస్టమ్‌ను నవీకరించిన మరునాటి నుంచే కంప్యూటరు నడక మందగించిందన్న ఫిర్యాదు లినక్స్ వినియోగదారుల్లో తరచూ వినిపిస్తుంటుంది. నిన్నటి వరకు నిమిషంలో సిద్ధమైన యంత్రం నాలుగైదు నిమిషాలు తీసుకుంటుంది. పెద్ద ఫైలును నకలు చేస్తుంటే మౌస్ సైతం కదలక నిలిచిపోతుంది. క్యాబినెట్ ముందున్న డిస్కు దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. డిస్కు పాతబడిందనుకొని కొత్తది కొనేవారు కొందరైతే, ఎవరో చెప్పిన ఆదేశాన్ని అర్థం చేసుకోకుండానే టైపు చేసేవారు మరికొందరు. మొదటి పనితో డబ్బు వృథా అవుతుంది. రెండో పనితో ఏళ్ల తరబడి కూడబెట్టిన లెక్కలు, ఫొటోలు, దస్తావేజులే చేజారిపోయే ప్రమాదముంది.

ఇటువంటి సందర్భాల్లో చాలావరకు డిస్కు మారదు, కేబులు మారదు. డిస్కుతో కెర్నెల్ వ్యవహరించే పద్ధతి మారుతుంది. ఆ మార్పు ఒక్కోసారి లోపం కావచ్చు. మరోసారి సమాచారాన్ని కాపాడేందుకు నిపుణులు తెలిసి తీసుకున్న నిర్ణయం కావచ్చు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడాను గుర్తించడమే అసలు పరిష్కారం.

కెర్నెల్ అంటే..

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ వంటిది కెర్నెల్. ప్రాసెసరు, మెమరీ, డిస్కు వంటి వనరులను వివిధ ప్రోగ్రాములకు పంచి ఇవ్వడం దాని బాధ్యత. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌కు శ్రీకారం చుట్టారు. ఉబుంటు, డెబియన్, ఫెడోరాలతో పాటు చెన్నైలోని సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌కు సైతం ఇదే ఆధారం. సుమారు తొమ్మిది, పది వారాలకొకసారి కొత్త వెర్షన్ వెలువడుతుంది. ఒక్కో వెర్షన్‌లో పది వేలకు పైగా మార్పులు చోటుచేసుకోవడం సాధారణం. వాటిలో ఏ ఒక్కటి డిస్కు దారికి అడ్డుపడినా ఫలితం వెంటనే కనిపిస్తుంది.

డిస్కుకున్న పరిమితి

హార్డ్‌డిస్కులో పళ్లేలు తిరుగుతుంటాయి, వాటిపై చదివే తల అటూ ఇటూ కదులుతుంటుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్కు ఒక చుట్టు పూర్తిచేయడానికి 8.33 మిల్లీ సెకన్లు పడుతుంది. కావలసిన చోటు తల కిందకు వచ్చేందుకు సగటున అందులో సగం, అంటే 4.17 మిల్లీ సెకన్లు వేచి ఉండాలి. తల సరైన వరుసకు చేరడానికి మరో 8, 9 మిల్లీ సెకన్లు అవసరం. వెరసి ఒక్కో కోరికకు 12 నుంచి 13 మిల్లీ సెకన్లు. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు 80కి మించి చదవడం కష్టం. ఒక్కో ముక్క 4 కిలోబైట్లయితే సెకనుకు అందేది 320 కిలోబైట్లే.

అదే డిస్కు వరుసగా ఉన్న ఫైలును సెకనుకు 100 మెగాబైట్లకు పైగా చదవగలదు. రెండింటి మధ్య తేడా మూడు వందల రెట్లు. వీధుల వారీగా ఉత్తరాలు సర్దుకొని బయలుదేరిన పోస్టుమ్యాన్ మధ్యాహ్నానికి పని ముగిస్తాడు. చేతికి వచ్చిన వరుసలోనే పంచితే పొద్దుగూకినా ముగియదు. డిస్కుకు ఆ సర్దుబాటు చేసిపెట్టేది కెర్నెలే.

దారి మారితే..

పాత కంప్యూటర్లలో ఈ సమస్యకు మొదటి కారణం సమాచారం ప్రయాణించే దారి. డీఎంఏ విధానంలో డిస్కు నుంచి సమాచారం నేరుగా మెమరీలోకి చేరుతుంది, ప్రాసెసరు తన పని తాను చూసుకుంటుంది. పీఐఓ విధానంలో ప్రాసెసరే స్వయంగా సమాచారాన్ని మోయాలి. పీఐఓలో అత్యధిక వేగం సెకనుకు 16.6 మెగాబైట్లు కాగా, అల్ట్రా డీఎంఏ ఐదో స్థాయిలో అది 100 మెగాబైట్లు. మదర్‌బోర్డు చిప్‌సెట్‌కు తగిన డ్రైవరు కొత్త కెర్నెల్‌లో లోడు కాకపోతే సాధారణ డ్రైవరు బాధ్యత తీసుకొని పీఐఓకు దిగజారేది. అప్పుడు వేగం సెకనుకు కొద్ది మెగాబైట్లకు పడిపోయేది.

2006 నవంబరులో వెలువడిన 2.6.19 వెర్షన్‌తో పాత ఐడీఈ డిస్కులకు లిబ్‌ఏటీఏ అనే కొత్త డ్రైవర్లు ప్రధాన కెర్నెల్‌లో చేరాయి. 2007లో వచ్చిన ఫెడోరా 7 వంటివి వాటికి మారడంతో అంతవరకు హెచ్‌డీఏగా ఉన్న డిస్కు పేరు ఎస్‌డీఏ అయింది. పాత పేరుతో రాసుకున్న అమరికలు పనిచేయలేదు. హెచ్‌డీపార్మ్‌తో డీఎంఏను వినియోగదారే ఆన్ చేసుకునే పాత చిట్కాకూ కాలం చెల్లింది. 2021లో వచ్చిన 5.14 వెర్షన్‌లో పాత ఐడీఈ డ్రైవర్లను పూర్తిగా తొలగించారు.

కెర్నెల్ తనంతట తానే వేగం తగ్గించే సందర్భమూ ఉంది. కేబులులో లోపం వల్ల సమాచారం చెడిపోయి చేరుతున్నట్లు పదేపదే గుర్తిస్తే అది తక్కువ వేగానికి మారుతుంది. అల్ట్రా డీఎంఏ 66, ఆపై వేగాలకు 80 తీగల కేబులు తప్పనిసరి. అక్కడ 40 తీగల కేబులు ఉంటే తప్పు కెర్నెల్‌ది కాదు.

వరుస మారితే..

డిస్కుకు వెళ్లే కోరికలను వరుసలో పెట్టే భాగమే ఐఓ షెడ్యూలర్. చాలా ఏళ్లపాటు సీఎఫ్‌క్యూ అనే షెడ్యూలర్ ఈ పని చేసింది. ప్రతి ప్రోగ్రాముకూ కొంత సమయం కేటాయించి, ఒకటి డిస్కును ఆక్రమించకుండా చూసేది. సెకనుకు లక్షల కోరికలను తీర్చగల సాలిడ్ స్టేట్ డ్రైవులు రావడంతో ఆ ఏర్పాటు చాలలేదు. 2014 జనవరిలో వెలువడిన 3.13 వెర్షన్‌లో పలు వరుసల విధానం ప్రవేశించింది. 2019 మార్చి 3న విడుదలైన 5.0 వెర్షన్‌తో పాత ఏకవరుస విధానం, దానితో పాటే సీఎఫ్‌క్యూ నిష్క్రమించాయి.

ఆ తర్వాత సాధారణ హార్డ్‌డిస్కులకు ఎంక్యూ-డెడ్‌లైన్ సహజ ఎంపికగా మారింది. ప్రతి కోరిక గడువులోగా తీరేలా చూడటం దీని లక్ష్యం. ప్రోగ్రాముల మధ్య సమాన పంపిణీ దీని ప్రధాన ఉద్దేశం కాదు. అందువల్ల వెనుక బ్యాకప్ నడుస్తుండగా ముందు తెరిచిన ప్రోగ్రాము నత్తనడక నడిచినట్లు కొందరికి అనుభవమైంది. బ్యాకప్‌కు తక్కువ ప్రాధాన్యమివ్వాలని ఐయోనైస్ ఆదేశంతో చెప్పినా, 5.0 నాటి ఎంక్యూ-డెడ్‌లైన్ దానిని పట్టించుకునేది కాదు. సీఎఫ్‌క్యూ తరహా పంపిణీ కోరుకునేవారికి బీఎఫ్‌క్యూ ఉంది. 2017లో వచ్చిన 4.12 వెర్షన్ నుంచి అది ప్రధాన కెర్నెల్‌లో భాగం. షెడ్యూలర్‌ను మార్చడానికి కంప్యూటరును ఆపాల్సిన అవసరం లేదు. మార్పు నచ్చకపోతే వెంటనే వెనక్కు తీసుకోవచ్చు. సమాచారానికి హాని లేని ప్రయత్నాల్లో ఇది ఒకటి.

మెమరీలో పేరుకుపోతే..

ఫైలును భద్రపరచగానే అది డిస్కుపైకి చేరిందనుకోవడం పొరపాటు. కెర్నెల్ దానిని ముందుగా మెమరీలో ఉంచుకొని, తర్వాత నెమ్మదిగా డిస్కుకు పంపుతుంది. సాధారణ అమరికలో అందుబాటులో ఉన్న మెమరీలో 10 శాతం నిండగానే రాత మొదలవుతుంది. 20 శాతానికి చేరితే రాస్తున్న ప్రోగ్రామునే ఆపి వేచి ఉండేలా చేస్తుంది. 10 గిగాబైట్ల మెమరీ అందుబాటులో ఉంటే 2 గిగాబైట్ల సమాచారం పేరుకుపోవచ్చు. సెకనుకు 5 మెగాబైట్లు రాసే పెన్‌డ్రైవ్‌కు అది ఆరేడు నిమిషాల పని. నకలు పూర్తయినట్లు తెర చూపినా పెన్‌డ్రైవ్‌ను వెంటనే పీకకూడదనడానికి కారణమిదే.

32 బిట్ కెర్నెల్ నుంచి 64 బిట్‌కు మారినవారికి ఈ మార్పు మరింత స్పష్టంగా తెలుస్తుంది. పాతదానిలో ఈ శాతాలను 896 మెగాబైట్ల దిగువ మెమరీపైనే లెక్కించేవారు. కొత్తదానిలో మొత్తం మెమరీ లెక్కలోకి వస్తుంది. పెద్ద ఫైళ్లు రాస్తుంటే యంత్రమంతా స్తంభిస్తోందంటూ 2008లో నమోదైన 12309 నంబరు ఫిర్యాదు లినక్స్ ప్రపంచంలో ఏళ్ల తరబడి చర్చల్లో నలిగింది. ఒకే పేరు కింద పలు భిన్నమైన లోపాలు వచ్చి చేరడంతో పరిష్కారం జటిలమైంది. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 4.10 వెర్షన్‌లో వెనుక జరిగే రాతకు కళ్లెం వేసే ఏర్పాటు చేరింది.

భద్రత కోసం తగ్గిన వేగం

అన్నింటికంటే జాగ్రత్తగా అర్థం చేసుకోవలసిన కారణమిది. డిస్కులోనూ చిన్న మెమరీ ఉంటుంది. రాయమని ఇచ్చిన సమాచారాన్ని అందులో ఉంచుకొని, రాశానని డిస్కు ముందే బదులు చెబుతుంది. తన సౌలభ్యం కోసం వరుసను కూడా మారుస్తుంది. అదే సమయంలో కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ చిట్టా ఒక మాట, డిస్కుపై ఉన్నది మరో మాట చెబుతాయి. ఫైళ్లు చెడిపోతాయి.

దీనిని నివారించేందుకు ఏర్పడినదే బారియర్. ముఖ్యమైన సమాచారం నిజంగా పళ్లెంపైకి చేరే వరకు తర్వాతి అడుగు వేయనివ్వదు. 2008 డిసెంబరులో 2.6.28 వెర్షన్‌తో స్థిరపడిన ఎక్స్‌ట్4లో ఇది సహజంగానే ఆన్‌లో ఉంటుంది. పాత ఎక్స్‌ట్3లో మాత్రం 2011 అక్టోబరులో వచ్చిన 3.1 వెర్షన్ వరకు ప్రధాన కెర్నెల్‌లో ఆఫ్‌లో ఉండేది. ఆన్ చేయగానే డేటాబేస్‌ల వేగం పడిపోయిందన్న ఫిర్యాదులు రావడం సహజం. సెకనుకు 120 చుట్లు తిరిగే డిస్కు, ప్రతి పద్దునూ ఒకదాని తర్వాత ఒకటిగా నిజంగా రాస్తే, సెకనుకు సుమారు 120 పద్దులకు మించి నమోదు చేయలేదు. అంతకు ముందు కనిపించిన వేలకొద్దీ పద్దుల వేగం, ఇంకా రాయనివాటిని రాసినట్లు చెప్పుకొన్న వేగమే.

బారియర్‌ను ఆపితే వేగం తిరిగి వస్తుందన్న చిట్కా ఇప్పటికీ ప్రచారంలో ఉంది. అది నిజమే. కానీ కరెంటు కోతలున్న చోట, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడు చేతులెత్తేస్తుందో తెలియని చోట ఆ వేగానికి చెల్లించే మూల్యం మొత్తం ఖాతాలే కావచ్చు.

మెల్ట్‌డౌన్‌పై నింద

ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ లోపం 2018 జనవరి 3న బయటపడింది. దానికి విరుగుడుగా కెర్నెల్ మెమరీని వేరుచేసే ఏర్పాటు అదే నెల 28న వెలువడిన 4.15 వెర్షన్‌లో చేరింది. దీనివల్ల ప్రోగ్రాములు కెర్నెల్‌ను పిలిచిన ప్రతిసారీ కొంత అదనపు భారం పడుతుంది. అయితే ఆ భారం మైక్రో సెకన్ల స్థాయిలోనిది. ఒక్కో కోరికకు 12 మిల్లీ సెకన్లు తీసుకునే హార్డ్‌డిస్కుకు అది లెక్కలోకి రాదు. వేగవంతమైన సాలిడ్ స్టేట్ డ్రైవులపై తేడా కనిపించవచ్చు గానీ, తిరిగే డిస్కు కుంటుబడితే కారణం వేరే చోట వెదకాలి.

తేల్చుకునేదెలా?

* మొదట ముఖ్యమైన ఫైళ్లను మరో డిస్కులోకి నకలు చేసుకోవాలి. డిస్కు నిజంగానే చెడిపోతూ, నవీకరణతో కాకతాళీయంగా కలిసివచ్చి ఉండవచ్చు.

* స్మార్ట్‌సీటీఎల్ ఆదేశంతో డిస్కు ఆరోగ్య నివేదిక చూడాలి. మార్చిన సెక్టార్లు, పెండింగ్ సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే డిస్కు మార్చవలసిందే. సీఆర్‌సీ లోపాల సంఖ్య మాత్రమే పెరుగుతుంటే ముందు కేబులును అనుమానించాలి.

* నవీకరణ తర్వాత తొలి గంటల్లో ఫైళ్ల సూచిక తయారీ, రెయిడ్ డిస్కుల పునఃసమన్వయం వంటి పనులు నేపథ్యంలో నడుస్తుండవచ్చు. అవి ముగిసే వరకు వేచి చూడాలి.

* కంప్యూటరు ఆరంభమయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ సాధారణంగా ఉంటుంది. దానితో ఒకసారి, కొత్తదానితో ఒకసారి అదే పరీక్ష చేయాలి. తేడా లేకపోతే కెర్నెల్ నిర్దోషి.

* హెచ్‌డీపార్మ్ వరుసగా చదివే వేగాన్ని చూపుతుంది. ఒక్కో కోరిక ఎన్ని మిల్లీ సెకన్లు వేచి ఉందో ఐయోస్టాట్ చెబుతుంది. వరుస వేగం బాగుండి నిరీక్షణ పెరిగితే షెడ్యూలర్‌పైనా, రెండూ దెబ్బతింటే డ్రైవరు, కేబులుపైనా దృష్టి పెట్టాలి.

* ఒకే ఫైలును రెండోసారి చదివితే అది మెమరీ నుంచే వస్తుంది. ప్రతి పరీక్షకు ముందు మెమరీలోని ఆ నకలును తొలగించకపోతే ఫలితం తప్పుదారి పట్టించవచ్చు.

* ఒకసారి ఒక్క అమరికనే మార్చాలి. పాత విలువను కాగితంపై రాసి ఉంచుకోవాలి.

ఫిర్యాదుకూ విలువ

నిన్నటి వరకు సవ్యంగా సాగిన పనిని కొత్త వెర్షన్ పాడుచేయరాదన్నది లినక్స్ కెర్నెల్ అభివృద్ధిలో టోర్వాల్డ్స్ పట్టుబట్టి అమలుచేసే నియమం. ఏ వెర్షన్‌లో బాగుంది, ఏ వెర్షన్‌లో చెడింది అన్న రెండు వివరాలు కొలతలతో సహా అందితే, మధ్యలోని మార్పులను సగం సగంగా విడదీస్తూ దోషిని పట్టుకోవచ్చు. పది వేల మార్పులున్నా 14 పరీక్షల్లో అసలు మార్పు బయటపడుతుంది. నెమ్మదించిందని మాత్రమే రాసిన ఫిర్యాదుకు ఆ అవకాశం ఉండదు.

అంతవరకు పాత కెర్నెల్‌తో పని సాగించవచ్చు. అయితే భద్రతా సవరణలు అందులో చేరవు కనుక దానిని తాత్కాలిక ఏర్పాటుగానే చూడాలి.