పాత ట్రాక్టరుకు క్రొత్త ఆల్టర్నేటరు

అమెరికాలో 1947 మొదలు 1952 వరకు తయారైన ఫోర్డు 8ఎన్ ట్రాక్టర్లలో కొన్ని అక్కడి కమతములలో నేటికిని పని చేయుచున్నవి. వానికి మొదట అమర్చినది 6 వోల్టుల డైనమో. బ్యాటరీ ధన ధ్రువమును ట్రాక్టరు దేహమునకు కలిపెడివారు. పలువురు యజమానులు దీనిని తొలగించి 12 వోల్టుల బ్యాటరీని, ఆల్టర్నేటరును అమర్చుకొనుచున్నారు. ఇంజను సులువుగా కదలును. దీపములు బాగుగా వెలుగును. కాని మార్పు జరిగిన మరునాడే చిక్కులు మొదలగుటయు కద్దు. అప్పుడు ఆల్టర్నేటరే చెడినదని తలచి, మరియొకటి కొని తెచ్చి డబ్బు పోగొట్టుకొనువారు ఉన్నారు. తరచుగా లోపము అందులో ఉండదు. తీగల కలయికలో ఉండును.

ఆల్టర్నేటరులో పుట్టునది ఏకాంతర విద్యుత్తు. లోపలి డయోడులు దానిని ఒకే దిశకు మరల్చును. బ్యాటరీని తలక్రిందులుగా కలిపినచో ఆ డయోడులు క్షణములో కాలిపోవును. సాధారణముగా దొరకు ఆల్టర్నేటర్లకు ఋణ ధ్రువమునే దేహమునకు కలుపవలెను. ధ్రువములు మారినవి గనుక అమ్మీటరు తీగలను కూడ తారుమారు చేయవలెను. లేనిచో బ్యాటరీ నిండుచుండగా, తరుగుచున్నట్లు ముల్లు చూపును. పాత రెగ్యులేటరు పెట్టెను పూర్తిగా తొలగింపవలెను. పాత కాయిలునే ఉంచినచో దానికి ముందు తగిన నిరోధకమును చేర్చవలెను. లేనిచో కాయిలు వేడెక్కి, పాయింట్లు కాలును.

ఇక పరీక్షకు వత్తము. ఇంజను ఆగియుండగా, నిండిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను మధ్యమ వేగమున నడచునపుడు 13.8 నుండి 14.5 వరకు రావలెను. పెరుగుదల లేనిచో ముందు బెల్టు బిగువు చూడుడు. పిదప ఉత్తేజక తీగను చూడుడు. ఆల్టర్నేటరులో తిరుగు భాగము అయస్కాంతమగుటకు మొదట కొంత విద్యుత్తు కావలెను. అది హెచ్చరిక దీపము గుండా వచ్చు అమరికలో, తాళము త్రిప్పినను దీపము వెలుగకున్నచో బల్బు మాడినదో, తీగ తెగినదో తెలియును. ఒకే తీగ గల రకము, ఇంజను వేగమును ఒకసారి పెంచిన తరువాతనే పని ప్రారంభించును. అది లోపము కాదు.

ఆల్టర్నేటరు వద్ద 14.4 ఉండి, బ్యాటరీ వద్ద 13 మాత్రమే ఉన్నచో, మధ్యనున్న కలయికలో తుప్పో, రంగుపూతయో అడ్డుపడుచున్నది. దేహమునకు కలిపిన చోటను గీకి బిగింపుడు.

తాళము తీసినను ఇంజను ఆగకుండుట మరొక వింత. ఉత్తేజక తీగ గుండా విద్యుత్తు వెనుకకు ప్రవహించి కాయిలును పోషించుటయే దీనికి కారణము. ఆ తీగలో సరియైన దిశలో ఒక డయోడునుగాని, చిన్న దీపమునుగాని చేర్చినచో చిక్కు తీరును.

రాత్రికి రాత్రి బ్యాటరీ ఖాళీయైనచో, అన్ని స్విచ్చులు మూసి, ఋణ తీగను విప్పి, దానికిని ధ్రువమునకును నడుమ పరీక్షా దీపమును ఉంచుడు. అది వెలిగినచో ఎచటనో విద్యుత్తు కారుచున్నది. ఆల్టర్నేటరు తీగలను ఒకటొకటిగా విప్పుడు. ఏ తీగ విప్పినపుడు దీపము ఆరునో, లోపము ఆ దారిలోనే ఉన్నది. అయితే కొద్దిపాటి ప్రవాహమునకు దీపము వెలుగదు. అప్పుడు సున్నితమైన అమ్మీటరు కావలెను.

మన గ్రామములలోని పాత డీజిలు ట్రాక్టర్లకు డైనమో మార్చునపుడును ఈ సూత్రములే వర్తించును. వానిలో కాయిలు, పాయింట్ల ప్రసక్తి లేదు. ఏ ధ్రువము దేహమునకు కలిసియున్నదో మాత్రము ముందుగా చూచుకొనవలెను.

రెండు జాగ్రత్తలు మరువరాదు. ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగను విప్పరాదు. వోల్టేజి ఒక్కసారిగా పెరిగి డయోడులు చెడును. బ్యాటరీ నిండునపుడు వెలువడు ఉదజని నిప్పురవ్వకే ప్రేలును. కావున పని ఆరంభించుటకు ముందు ఇంజనును ఆపి, దేహమునకు కలిపిన తీగను మొదట విప్పి, చివర బిగింపవలెను.