బండి పాలసీలో ఆసుపత్రి ఖర్చు ఎక్కడుంటుంది?

టూవీలర్ పాలసీ కాగితంలో 'పర్సనల్ యాక్సిడెంట్ కవర్' అన్న మాట, దాని ఎదురుగా 15,00,000 అన్న అంకె కనిపిస్తాయి. బండి మీంచి పడితే ఆసుపత్రి బిల్లుకు ఆ డబ్బు వస్తుందని చాలామంది నమ్మకం. రాదు. ప్రాణం పోయినప్పుడో, శాశ్వత వైకల్యం మిగిలినప్పుడో ఇచ్చే సొమ్ము అది. కాలు విరిగి, లోపల రాడ్ వేయించుకుని, మూడు నెలలు మంచంలో ఉండి మళ్లీ లేచి నడిచిన మనిషికి అందులోంచి ఒక్క రూపాయి కూడా రాదు. బండి పాలసీకి వైద్య ఖర్చుల కవర్ జోడించుకోవాలా అన్న ప్రశ్న పుట్టేది ఈ ఖాళీ దగ్గరే.

1988 నాటి మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 146 ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలి. లేకుండా దొరికితే మొదటిసారి 2,000, తర్వాత 4,000 రూపాయల జరిమానా; మూడు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. ఈ బీమా ధరను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ బండికి ఏడాదికి 714 రూపాయలు, 150 దాటి 350 సీసీ దాకా 1,366 రూపాయలు. ఈ బీమా ఇచ్చే సొమ్ము మన బండి వల్ల దెబ్బతిన్న ఎదుటివాళ్ల కోసం. మన బండి రిపేరు, దొంగతనం 'ఓన్ డ్యామేజ్' కిందికి వస్తాయి. జనం 'ఫుల్ ఇన్సూరెన్స్' అని పిలిచేది ఈ రెండూ కలిపిన పాలసీని. పేరులో ఫుల్ అని ఉన్నా, నడిపేవాడి ఒంటికి తగిలే దెబ్బల వైద్యం అందులో ఉండదు.

మూడో భాగమే పర్సనల్ యాక్సిడెంట్ కవర్. 2018 దాకా టూవీలర్‌కు ఇది లక్ష రూపాయలే. మద్రాసు హైకోర్టు తీర్పు తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దాన్ని 15 లక్షలకు పెంచి, ఏడాది ప్రీమియం 750 రూపాయలుగా పెట్టింది. 2019 జనవరి నుంచి దీన్ని బండి పాలసీతో ముడిపెట్టకుండా విడిగా కొనుక్కునే వీలు కల్పించారు. ఒక మనిషికి ఎన్ని బండ్లున్నా ఒక్క కవర్ చాలు. మరణించినా, రెండు చేతులో కాళ్లో కళ్లో పోయినా పూర్తి 15 లక్షలు వస్తాయి. ఒక చెయ్యో, కాలో, కన్నో పోతే సగం.

సొంతూరి నుంచి బండి తెచ్చుకుని ఢిల్లీలో ఉండే తెలుగువాళ్లు ముఖ్యంగా చూసుకోవాల్సిన మెలిక ఈ కవర్‌లో ఒకటుంది. డబ్బు 'ఓనర్-డ్రైవర్'కే చెల్లుతుంది. అంటే ఆర్‌సీలో పేరు, పాలసీలో పేరు, నడుపుతున్న మనిషి ముగ్గురూ ఒకరే అయి ఉండాలి, చెల్లే లైసెన్సు ఉండాలి. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో సివిల్స్ కోచింగ్‌కు వచ్చిన కుర్రాడు గుంటూరులో నాన్న పేరు మీద కొన్న బండిని రైల్లో పార్సిల్ చేయించుకుని నడుపుతుంటే, పాలసీ షరతుల ప్రకారం ఆ కవర్ నాన్నది, కొడుకుది కాదు. బండి అడిగి తీసుకుని నడిపినవాడు ఓనరు స్థానంలో ఉన్నట్టేనని, థర్డ్ పార్టీగా పరిహారం అడగలేడని సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులో స్పష్టం చేసింది. పేరు మార్పిడికి ఒకట్రెండు రోజులు ఆర్‌టీఓ చుట్టూ తిరగాల్సి వస్తుందని బద్ధకించేవాళ్లకు ఈ సంగతి సాధారణంగా ఎవరూ చెప్పరు.

ఆసుపత్రి బిల్లు ఎవరు కడతారన్నది ప్రమాదం జరిగిన తీరును బట్టి ఉంటుంది. కారో లారీయో గుద్దితే ఆ వాహనం బీమా కంపెనీ నుంచి వైద్య ఖర్చులతో సహా పరిహారం కోరవచ్చు. అది మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్ చేతిలో ఉంటుంది. ఈ విషయంలో దేశానికి దారి చూపించింది ఢిల్లీయే. రాజేశ్ త్యాగి కేసులో ఢిల్లీ హైకోర్టు 2009 నుంచి రూపొందిస్తూ వచ్చిన పద్ధతిలో పోలీసులే ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. 2022 నుంచి ఇది కేంద్ర నిబంధనల్లోకి ఎక్కి దేశమంతటా వర్తిస్తోంది: 48 గంటల్లో మొదటి నివేదిక, 90 రోజుల్లో పూర్తి నివేదిక. అంతా సవ్యంగా సాగినా డబ్బు చేతికందేది నెలల తర్వాతే. ఆసుపత్రి కౌంటర్ మాత్రం అడ్వాన్స్ ఆ రాత్రే అడుగుతుంది. ఇక రింగ్ రోడ్డు మీద తొలకరి తడికి బండి జారితేనో, ఘాజియాబాద్ సందులో కుక్క అడ్డొస్తేనో, పొగమంచులో డివైడర్ కనబడకపోతేనో ఎదుటి వాహనమే ఉండదు, పరిహారం అడగడానికి ఎవరూ ఉండరు. ప్రమాద వైద్యం కవర్ నిజంగా అక్కరకొచ్చేది ఇలా తనంతట తాను పడినవాడికి.

అయితే మొదటి వారం ఖర్చుకు ఇప్పుడు ఒక ఆసరా ఉంది. కేంద్రం 2025 మేలో నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం కింద, మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా బాధితుడికి నిర్ణీత ఆసుపత్రిలో లక్షన్నర రూపాయల దాకా చికిత్స అందుతుంది. పరిమితి, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజులు. జాబితాలో లేని ఆసుపత్రిలో ప్రాణాపాయం తప్పించే చికిత్స వరకే వర్తిస్తుంది. ఢిల్లీ ప్రభుత్వం 2019లో లాంఛనంగా ప్రారంభించిన 'ఫరిశ్తే దిల్లీ కే' పథకం ఇంకా ముందే వచ్చింది: ప్రమాదం ఢిల్లీ సరిహద్దులో జరిగితే చాలు, బాధితుడు ఏ రాష్ట్రం వాడైనా ప్రైవేటు ఆసుపత్రిలో ఉచిత చికిత్స. దాని నిధుల వివాదం 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు గడప ఎక్కింది. ఢిల్లీ, దాని చుట్టుపక్కల ఊళ్లు కలిసిన ఎన్‌సీఆర్ ఒకే ఊరిలా కనిపిస్తుంది కానీ, డీఎన్‌డీ వంతెన దాటితే నోయిడా ఉత్తరప్రదేశ్, రజోక్రీ దాటితే గురుగ్రామ్ హర్యానా. పడిన చోటు రెండు కిలోమీటర్లు అటో ఇటో అయితే ఢిల్లీ పథకం వర్తించదు.

తర్వాత లెక్క వేయాల్సింది ఇప్పటికే చేతిలో ఏముందన్నది. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐలో ఉన్నవాళ్లకు వైద్యం పూర్తిగా అందుతుంది. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో, తిరిగి వచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా 2010 సవరణతో ఈఎస్‌ఐ చట్టం పనిలో తగిలిన గాయంగానే లెక్కిస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు సీజీహెచ్‌ఎస్ ఆరోగ్య పథకం ఉంది. నోయిడా, గురుగ్రామ్ ఐటీ కంపెనీల్లో చాలామందికి ఆఫీసు గ్రూప్ పాలసీ ఉంటుంది. సొంతంగా కొన్న ఆరోగ్య బీమాలో కూడా మొదటి 30 రోజుల నిరీక్షణ ప్రమాదాలకు వర్తించదు. అలాంటి పాలసీ ఉన్నవాళ్లు బండి పాలసీకి అదనంగా వైద్య కవర్ జోడించడం ఒకే బిల్లుకు రెండు చోట్ల ప్రీమియం కట్టడమే. ఏదీ లేనివాళ్లు, అంటే స్వయం ఉపాధి వాళ్లు, కోచింగ్ విద్యార్థులు, ఉద్యోగం మారే మధ్యలో ఉన్నవాళ్లు మాత్రం ఆగి ఆలోచించాలి.

కొన్ని కంపెనీలు బండి పాలసీకి జోడించి ఇచ్చే వైద్య కవర్లలో ఒక రకం, ప్రమాదంలో అయిన ఆసుపత్రి ఖర్చును ఒక పరిమితి దాకా ఇస్తుంది. రెండో రకం, ఆసుపత్రిలో ఉన్న ఒక్కో రోజుకు ఇంత అని ఇస్తుంది. రెండింటికీ ఒకే ఇబ్బంది: అవి బండిని అంటిపెట్టుకుని ఉంటాయి. అదే మనిషి ఆటోలో వెళ్తూ దెబ్బతింటే, స్నేహితుడి స్కూటర్ వెనక కూర్చుని పడితే పని చేయవు. వెనక కూర్చున్నవాళ్ల సంగతి ఇంకా చిక్కు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే పిలియన్ రైడర్‌కు రక్షణ లేదని సుప్రీంకోర్టు 2006లో తిలక్ సింగ్ కేసులో తేల్చింది. ప్యాకేజీ పాలసీ, అంటే జనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది, ఉంటే వెనక కూర్చున్నవాళ్లకు కూడా బాధ్యత వర్తిస్తుంది. అదనపు ప్రీమియంతో పిలియన్‌కు విడిగా ప్రమాద కవర్ తీసుకోవచ్చు. రోజూ భార్యనో, కూతురినో మెట్రో స్టేషన్‌లో దింపేవాళ్లు బండి పాలసీకి ఒక్కటే జోడించాలంటే జోడించాల్సింది ఇదే.

మెడికల్ కవర్ ప్రశ్న నిజంగా బండితోనే ముడిపడిన చోటు అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు. ఫ్లోరిడాలో 21 ఏళ్లు దాటినవాళ్లు హెల్మెట్ లేకుండా నడపాలంటే కనీసం 10,000 డాలర్ల వైద్య బీమా ఉండాలి. మిషిగన్‌లో 2012 నుంచి 20,000 డాలర్లు. మన దగ్గర ఎంత బీమా ఉన్నా హెల్మెట్ నుంచి మినహాయింపు కొనుక్కోలేం, అది నయమే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 ప్రాణాల్లో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లవే.

మనిషిని అంటిపెట్టుకునే కవర్‌కు ఐఆర్‌డీఏఐ 2021 ఏప్రిల్ నుంచి ఒక ప్రామాణిక రూపం ఇచ్చింది. పేరు సరళ్ సురక్షా బీమా, మొత్తం రెండున్నర లక్షల నుంచి కోటి రూపాయల దాకా. దానికి ఐచ్ఛికంగా ఆసుపత్రి ఖర్చుల కవర్ జోడించుకుంటే అసలు మొత్తంలో 10 శాతం దాకా ఇస్తుంది. 15 లక్షల పాలసీ తీసుకుంటే లక్షన్నర. పని చేయలేని స్థితికి మరో ఐచ్ఛిక కవర్ తీసుకుంటే వారానికి 0.2 శాతం, అంటే 3,000 రూపాయలు, 100 వారాల దాకా. రోజు కూలీ మీద బతికే మనిషికి ఆసుపత్రి బిల్లుకన్నా ఈ రెండోదే ఎక్కువ అవసరం పడొచ్చు. 24 గంటలూ వర్తించి, మరణాన్ని, శాశ్వత వైకల్యాన్ని కనీసం 15 లక్షలకు కవర్ చేసే పాలసీ ఉంటే బండి పాలసీలో పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తప్పనిసరి కాదు కాబట్టి, ఒక పాలసీ రెండు పనులూ చేస్తుంది. బండి ఎవరి పేరు మీదున్నదన్న చిక్కు కూడా ఉండదు.

సొంత బండి మీద డెలివరీకో, బైక్ టాక్సీకో వెళ్లేవాళ్లది వేరే సంగతి. ప్రైవేటు బండి పాలసీలో కిరాయికి వాడకూడదన్న షరతు ఉంటుంది. ఆర్డర్ పట్టుకెళ్తుండగా పడితే బండి పాలసీకి జోడించిన వైద్య కవర్ అక్కడే చిక్కుకోవచ్చు. వాళ్లు యాప్ కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా పత్రాన్ని అడిగి తీసుకుని, అది ఆర్డర్ చేతిలో ఉన్నప్పుడే పని చేస్తుందా, లాగిన్ అయి ఖాళీగా ఉన్నప్పుడు కూడానా అన్నది చదవాలి.

కొత్త బండికి షోరూమ్‌లో ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ ఇచ్చేటప్పుడు పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఒక్క ఏడాదికే రాసిన సందర్భాలు ఉంటాయి. ఐదేళ్ల పాలసీ ఉందిగా అని రెండో ఏడాది దాన్ని మరిచిపోతారు. ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసేటప్పుడు ఈ కవర్ వద్దంటే, తనకు వేరే చోట 15 లక్షల కవర్ ఉందన్న గడిలో టిక్ పెట్టమని వెబ్‌సైట్ అడుగుతుంది. కొన్ని వందల రూపాయలు మిగులుతాయని ఏ పాలసీ లేకుండానే చాలామంది టిక్ పెట్టేస్తారు. క్లెయిమ్ రోజున కుటుంబం చేతిలో ఉండేది ఆ తప్పుడు డిక్లరేషన్ ఒక్కటే.