కెర్నెల్ ఆగిపోయాక నెట్‌వర్క్‌ని ఎవరు నడుపుతారు? దూరం నుంచి కెర్నెల్ డీబగ్గింగ్

ఈరోజు టాపిక్ కొంచెం లోతుగా ఉంటుంది, కానీ ఓపిగ్గా వింటే మంచి మజా ఉంది ఇందులో.

ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, అబౌట్ ఫోన్ ఓపెన్ చేసి, ఆండ్రాయిడ్ వెర్షన్ మీద నొక్కండి. కొన్ని ఫోన్లలో సాఫ్ట్‌వేర్ ఇన్ఫర్మేషన్ అని ఉంటుంది. అక్కడ కెర్నెల్ వెర్షన్ అని ఒక లైన్ కనపడుతుంది. అదే లినక్స్ కెర్నెల్. 1991లో ఫిన్లాండ్‌లో లినస్ టోర్వాల్డ్స్ అనే స్టూడెంట్ మొదలుపెట్టింది ఇప్పుడు మీ జేబులో తిరుగుతోంది.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ. ఏ యాప్‌కి ఎంత మెమరీ ఇవ్వాలి, ప్రాసెసర్ మీద ఎవరి వంతు ముందు, మీ వేలు స్క్రీన్ మీద ఎక్కడ తగిలింది, వైఫైలో వచ్చిన ప్యాకెట్ ఎవరికి చేరాలి, ఇవన్నీ చూసుకునేది అదే. వాట్సాప్ క్రాష్ అయితే మళ్ళీ ఓపెన్ చేసుకుంటాం, మిగతా ఫోన్‌కి ఏమీ కాదు. కెర్నెల్ క్రాష్ అయితే మాత్రం ఫోన్ మొత్తం ఉన్నట్టుండి ఆగిపోయి రీస్టార్ట్ అవుతుంది. విండోస్‌లో అయితే క్రాష్ స్క్రీన్ వస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అమలాపురంలో ఇంట్లో కూర్చున్న ఒక ఇంజనీర్, హైదరాబాద్ ల్యాబ్‌లో ఉన్న మెషీన్ కెర్నెల్‌లోకి వెళ్ళి బగ్ పట్టుకోవాలి. ఎలా? నెట్‌వర్క్ ఉంది కదా, కనెక్ట్ అయిపోతే సరి అనుకుంటాం. కానీ ఆ మెషీన్‌లో నెట్‌వర్క్‌ని నడిపేది ఎవరు? కెర్నెలే. డీబగ్ చేయాలంటే కెర్నెల్‌ని ఆపాలి. ఆపితే నెట్‌వర్క్ కూడా ఆగిపోతుంది. మరి ఆగిపోయిన మెషీన్ మనతో ఎలా మాట్లాడుతుంది? ఇదే ఈ ఎపిసోడ్ మొత్తానికీ ముడి. దీన్ని విప్పుదాం.

మామూలు ప్రోగ్రామ్‌ని డీబగ్ చేయడం తేలిక. ఒక లైన్ దగ్గర బ్రేక్‌పాయింట్ పెడతాం. ప్రోగ్రామ్ అక్కడికి వచ్చి ఆగుతుంది. వేరియబుల్స్‌లో ఏముందో చూస్తాం, ఒక్కో అడుగు ముందుకు నడిపిస్తాం. ప్రోగ్రామ్ ఆగినా కీబోర్డు, స్క్రీన్ పనిచేస్తూనే ఉంటాయి, ఎందుకంటే కింద కెర్నెల్ ఆగలేదు. అదే కెర్నెల్‌నే ఆపేస్తే? కీబోర్డు లేదు, స్క్రీన్ లేదు, డీబగ్గర్‌ని నడపడానికే దిక్కు లేదు. తన వీపు తనకు కనపడదు అంటారు కదా, అలాగన్నమాట. అందుకే రెండో మెషీన్ కావాలి. పరీక్షించబడే మెషీన్‌ని టార్గెట్ అంటాం, డీబగ్గర్ నడిచే మెషీన్‌ని హోస్ట్ అంటాం.

పాత రోజుల్లో ఈ రెండింటి మధ్య సీరియల్ కేబుల్ వేసేవాళ్ళు. దాని మీద మామూలుగా వాడే స్పీడు సెకనుకు 1,15,200 బిట్లు. ఒక్కో బైట్‌కి ముందో బిట్టు, వెనకో బిట్టు కలిపి 10 బిట్లు పడతాయి. అంటే సెకనుకు 11,520 బైట్లు. ఈ లెక్కన 1 జీబీ మెమరీ మొత్తం లాగాలంటే 24 గంటలు పడుతుంది. అదే 1 గిగాబిట్ నెట్‌వర్క్ లైన్ మీద లెక్క ప్రకారం 8 సెకన్లు. నిజంగా డీబగ్ చేసేటప్పుడు అంత స్పీడు రాదు గానీ, తేడా ఎంతో మీకే అర్థమవుతోంది. పైగా ఇప్పటి లాప్‌టాప్‌లకి సీరియల్ పోర్టే ఉండదు. సీరియల్ కేబుల్ ఉన్నా, అమలాపురం నుంచి హైదరాబాద్ దాకా వేయలేం కదండీ.

సరే, ముడి విప్పడానికి మన ఊరి వైపు ఒకసారి చూద్దాం. పి.గన్నవరం మండలం చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే ఉంది. గోదావరికి వరద వస్తే అది మునుగుతుంది. అప్పుడు లంకలో వాళ్ళు పడవ మీదే రావాలి, పోవాలి. కాజ్‌వే మీద బైకులు, ఆటోలు, లోడు బళ్ళు అన్నీ తిరుగుతాయి. పడవకి అంత సీన్ లేదు. కానీ అది కాజ్‌వే మీద ఆధారపడదు. కాజ్‌వే మునిగిన రోజు దాని విలువ తెలుస్తుంది. ఇంకో మాట, వరద వచ్చాక పడవ కట్టడం కుదరదు. ముందే కట్టి రేవులో ఉంచాలి.

కెర్నెల్ డీబగ్గింగ్ చేసేవాళ్ళు చేసిందీ ఇదే. కెర్నెల్‌కి ఉండే పెద్ద నెట్‌వర్క్ వ్యవస్థను కాజ్‌వే అనుకోండి. డీబగ్గర్ కోసం దాన్ని నమ్ముకోకుండా, పక్కన చిన్న కోడ్ ముక్క ఒకటి పెట్టారు. నెట్‌వర్క్ కార్డుతో నేరుగా మాట్లాడటం, ఒక ప్యాకెట్ పంపడం, ఒక ప్యాకెట్ తీసుకోవడం, దానికి వచ్చిన పని అంతే. అదే మన పడవ.

ఈ పడవ రెండు విషయాల్లో మామూలు నెట్‌వర్క్ కంటే వేరుగా ఉంటుంది. మొదటిది, ఇంటరప్ట్‌లు వాడదు. మామూలుగా ప్యాకెట్ వస్తే నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్‌కి కాలింగ్ బెల్ కొడుతుంది. కెర్నెల్ లేచి తలుపు తీస్తుంది. కెర్నెల్ ఆగిపోయి ఉంటే బెల్ కొట్టినా లేచేవాళ్ళు లేరు. అందుకని ఈ చిన్న కోడే మాటిమాటికీ గుమ్మం దాకా వెళ్ళి, ఎవరైనా వచ్చారా అని చూస్తూ ఉంటుంది. దీన్ని పోలింగ్ అంటారు. రెండోది, ఇది యూడీపీ వాడుతుంది. టీసీపీ అయితే కనెక్షన్ పెట్టుకోవాలి, టైమర్లు నడపాలి, పోయిన ప్యాకెట్ లెక్క రాసుకోవాలి, దానికి చాలా సరంజామా కావాలి. యూడీపీ అంటే ఉత్తరం రాసి పడేయడమే. ప్యాకెట్ పోతే మళ్ళీ పంపుకునే ఏర్పాటు ఆ డీబగ్గర్లే చిన్నగా చూసుకుంటాయి.

విండోస్‌లో దీని పేరు కేడీనెట్. 2012లో విండోస్ 8తో వచ్చింది. హోస్ట్ మీద విన్‌డీబీజీ అనే డీబగ్గర్ ఒక యూడీపీ పోర్టు దగ్గర కాచుకుని కూర్చుంటుంది. టార్గెట్ మీద ముందే హోస్ట్ ఐపీ అడ్రస్, పోర్టు నంబరు, ఒక రహస్య కీ సెట్ చేస్తాం. ఆ తర్వాత టార్గెట్ బూట్ అవుతూ తనే హోస్ట్‌ని వెతుక్కుంటూ వస్తుంది. అందువల్ల టార్గెట్ ఐపీ రోజూ మారినా ఇబ్బంది లేదు. మాటలన్నీ ఆ కీతో ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తాయి. అయితే అన్ని నెట్‌వర్క్ కార్డులూ దీనికి పనికిరావు, సపోర్ట్ ఉన్న కార్డే ఉండాలి. ఎందుకో మీకు ఇప్పటికే తెలుసు. పడవ నడిపేవాడికి ఆ రేవు తెలియాలి.

లినక్స్‌లో కథ కొంచెం వేరు. కేజీడీబీ అనే కెర్నెల్ డీబగ్గర్ చాలా ఏళ్ళు బయట ప్యాచ్‌గానే ఉండి, 2008లో 2.6.26 వెర్షన్‌తో అసలు కెర్నెల్‌లోకి వచ్చింది. అది ముఖ్యంగా సీరియల్ లైన్ మీద నడుస్తుంది. ఈథర్నెట్ మీద నడిపే రకం ఒకటి ఉన్నా, అది అసలు కెర్నెల్ బయటే ఉండిపోయింది. మరి లినక్స్ వాళ్ళు దూరం నుంచి ఏం చేస్తారు? రెండు దారులున్నాయి. ఒకటి నెట్‌కన్సోల్. కెర్నెల్ చనిపోయే ముందు చెప్పే ఆఖరి మాటలు డిస్కులోకి ఎక్కకముందే, యూడీపీలో ఇంకో మెషీన్‌కి పంపేస్తుంది. మామూలుగా అవతలి వైపు పోర్టు 6666. రెండోది కేడంప్. బూట్ అయినప్పుడే కొంచెం మెమరీ పక్కన పెట్టి అందులో ఇంకో చిన్న కెర్నెల్‌ని దాచి ఉంచుతుంది. పెద్దది పడిపోగానే చిన్నది లేచి, పెద్దదాని మెమరీని కాపీ తీసి, నెట్‌వర్క్ మీద వేరే మెషీన్‌కి పంపగలదు. రెండిట్లోనూ చూడండి, అదే పద్ధతి. పడవ ముందే రేవులో ఉంది.

కెర్నెల్ ఇంకా బతికే ఉండి, ఏదో తేడాగా నడుస్తుంటే దాన్ని ఆపాల్సిన పని కూడా లేదు. కేప్రోబ్స్ అని ఉంది. నడుస్తున్న కెర్నెల్‌లో మనకి కావాల్సిన ఫంక్షన్ దగ్గర ఒక చిన్న నిఘా పెట్టొచ్చు. లినక్స్ సోర్స్‌లో ఆ ఫైల్ తెరిచి పైన కామెంట్ చదవండి. 2002 అక్టోబరులో వంశీకృష్ణ ఎస్. అని ఐబీఎం ఇండియా ఇంజనీర్ దాన్ని మొదలుపెట్టినట్టు ఉంటుంది. కెర్నెల్ అంటే ఎక్కడో అమెరికాలోనే రాస్తారు అనుకునేవాళ్ళు ఆ లైన్ ఒకసారి చూడాలి.

ఈ పడవ లేకపోతే ఏమవుతుందో ప్రపంచం మొత్తం 2024 జూలై 19న చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కెర్నెల్‌లో నడుస్తుంది. ఆ రోజు మన టైమ్ ప్రకారం ఉదయం 9:39కి దానికి ఒక తప్పుడు అప్‌డేట్ ఫైల్ వెళ్ళింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసేశారు. కానీ అప్పటికే దాదాపు 85 లక్షల విండోస్ మెషీన్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్ ఫోటో అప్పుడు అందరి ఫోన్లలోనూ తిరిగింది. బాగుచేసిన ఫైల్ రెడీగా ఉంది, కానీ దాన్ని అందుకోవడానికి మెషీన్ లేవాలి. లేస్తూ లేస్తూనే కెర్నెల్ పడిపోతోంది. దాంతో చాలా చోట్ల మనిషే వెళ్ళి, ఒక్కో మెషీన్ ముందు కూర్చుని, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఫైల్ తీసేయాల్సి వచ్చింది. అదే ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్ క్విక్ మెషీన్ రికవరీ అనే ఏర్పాటు ప్రకటించింది. అసలు విండోస్ లేవకపోతే, పక్కనే ఉన్న చిన్న రికవరీ విండోస్ నెట్‌వర్క్ పట్టుకుని మందు తెచ్చుకుంటుంది. చూశారా, మళ్ళీ పడవే.

ముందే పెట్టిన ఏర్పాటు ఎంత దూరం పనికొస్తుందో ఇంకో ఉదాహరణ. 1997 జూలై 4న నాసా పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొన్ని రోజులకే దాని కంప్యూటర్ ఉన్నట్టుండి రీసెట్ అవడం మొదలైంది. అందులో ఉన్నది వీఎక్స్‌వర్క్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్. ఇంజనీర్లు భూమ్మీద అలాంటి మెషీన్‌నే నడిపి, లోపల ఏది ఎప్పుడు జరిగిందో రికార్డు చేసి బగ్ పట్టుకున్నారు. తక్కువ ప్రాధాన్యం ఉన్న పని ఒక తాళం పట్టుకుని కూర్చుంటే, ఎక్కువ ప్రాధాన్యం ఉన్న పని దాని కోసం ఆగిపోతోంది. ఒక సెట్టింగ్ మార్చి ఆ మార్పుని రేడియోలో పైకి పంపారు. ఎగిరే ముందే డీబగ్ సదుపాయాలు తీసేయకుండా ఉంచబట్టే అది సాధ్యమైంది.

ఇక మనం ఇంటి నుంచి చేసే పనికి వద్దాం. డీబగ్గర్ మెమరీని ముక్కలు ముక్కలుగా అడుగుతుంది. ఒక విండో నింపడానికి 500 ప్రశ్నలు అడిగింది అనుకోండి. అమలాపురం నుంచి ఒక్కో ప్రశ్నకి 30 మిల్లీసెకన్లు పడితే 15 సెకన్లు. అదే హోస్ట్ టార్గెట్ పక్కనే ఉండి, ఒక్కోదానికి అర మిల్లీసెకను పడితే పావు సెకను. అందుకే దారి ఏంటంటే, హోస్ట్‌ని టార్గెట్ ఉన్న ల్యాబ్‌లోనే పెట్టాలి. మనం మాత్రం వీపీఎన్‌లో ఆ హోస్ట్‌లోకి లాగిన్ అవ్వాలి. మన కరెంటు పోయినా, నెట్ పోయినా సెషన్ అక్కడ అలాగే ఉంటుంది.

ఈ జాగ్రత్త కోనసీమలో వాళ్ళకి ఇంకా ముఖ్యం. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత ఇక్కడ కొన్ని రోజులు ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ వాళ్ళు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకి పోయి సిగ్నల్ వెతుక్కున్నారని వార్తలు వచ్చాయి. గట్టు మీద దొరికే పది నిమిషాల సిగ్నల్‌తో ఏదైనా పని అవ్వాలంటే, అసలు సెషన్ వేరే చోట బతికే ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. కెర్నెల్ డీబగ్గర్ చేతిలో ఉన్నవాడు ఆ మెషీన్‌కి యజమానే. పాస్‌వర్డులు, ఫైళ్ళు, ఏదైనా మెమరీలోంచి చదవగలడు, మార్చగలడు. విండోస్‌లో దీనికి సెక్యూర్ బూట్ ఆపాలి, బిట్‌లాకర్ కాసేపు పక్కన పెట్టాలి. కాబట్టి రోజూ బ్యాంకు పనులు చేసుకునే లాప్‌టాప్ మీద ఇది చేయకండి. కీ ఎవరికీ పంపకండి. ఆ పోర్టుని ఇంటర్నెట్‌కి తెరవకండి. పనైపోయాక డీబగ్గింగ్ ఆఫ్ చేయండి.

నేర్చుకోవాలంటే రెండు కంప్యూటర్లు కూడా అక్కర్లేదు. క్యూఈఎంయూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీ లాప్‌టాప్‌లోనే ఒక ఉత్తుత్తి కంప్యూటర్ తయారుచేస్తుంది. దాన్ని మైనస్ ఎస్ ఆప్షన్‌తో స్టార్ట్ చేస్తే 1234 పోర్టులో డీబగ్గర్ కోసం చూస్తుంది. జీడీబీతో దానికి కనెక్ట్ అయి లినక్స్ కెర్నెల్‌ని ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు. కానీ సింబల్స్ ఉన్న కెర్నెల్ ఫైల్ అదే బిల్డ్‌ది ఉండాలి, లేకపోతే ఉత్త నంబర్లు తప్ప ఫంక్షన్ పేర్లు కనపడవు. రావులపాలెంలో ఉన్నా, రాజోలులో ఉన్నా, ఇంజనీరింగ్ రెండో ఏడు చదివేవాళ్ళు ఎవరైనా ఈ ఆదివారమే చేసి చూడొచ్చు.

ఇంతసేపు మాట్లాడుకున్నదాంట్లో గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. మెషీన్ బాగా నడుస్తున్న రోజే, అది పడిపోయాక మనతో ఎలా మాట్లాడుతుందో చూసుకోవాలి. మీ కెర్నెల్ వెర్షన్ ఎంతో కామెంట్‌లో పెట్టండి. క్యూఈఎంయూ మొదటి నుంచి ఎలా పెట్టుకోవాలో వచ్చే ఎపిసోడ్‌లో చేద్దాం. ఉంటానండి, బాయ్.