మగ్గపు గదికి వైఫై అందించుట

గత దసరాకు ముందు మా ఇంట జరిగిన సంగతితో ఆరంభించెదము. బరంపురము నేతవీధులలోని ఇండ్లు ఎట్లుండునో అక్కడి సభ్యులకు చెప్పనక్కరలేదు. ఇతర ఊళ్లవారి కొరకు చెప్పుచున్నాము: వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధిగది, నడిమిగది, దాని వెనుక మగ్గపు గది, చివర పెరడు. ఇంటర్నెట్టు కంపెనీ కుర్రవాడు వచ్చి, ఫైబరు తీగను వీధి కిటికీగుండా లోపలికి లాగి, రౌటరు డబ్బాను అక్కడనే ఇనుప బీరువాపై పెట్టి పావుగంటలో వెళ్లిపోయినాడు. అతనికి తీగ ఆదా అయినది. వీధిన పోవువారికి వైఫై అందినది, మా మగ్గమునకు మాత్రము అందలేదు.

చెన్నై బేరగాడొకరు, మగ్గము మీదనున్న పట్టుచీర కొంగును వీడియోలో చూపుమన్నారు. అంచు కనిపించునప్పటికి బొమ్మ నిలిచిపోయెను. మూడుమారులు ప్రయత్నించి, విసిగి, ఆయన ఫోను పెట్టివేసినారు. మగ్గము మీది గుడ్డను కోసి వీధిగదికి తేలేము గదా!

రౌటరు పంపునవి రేడియో తరంగములు. ఇటుకగోడ వానిని కొంత మింగును. ఇనుము, పెద్ద అద్దము, నీళ్లతొట్టి ఇంకను ఎక్కువ అడ్డగించును. కనుక డబ్బాను బీరువాపైనను, టీవీ వెనుకను పెట్టరాదు. నిలుచున్న మనిషి ఛాతీ ఎత్తుననో, అంతకు పైననో, చుట్టును ఖాళీయున్న చోట పెట్టవలెను. సాధారణముగా డబ్బా రెండు విధములైన వైఫై ఇచ్చును. 5 గిగాహెర్ట్జుది వేగమైనది గాని గోడలను అంతగా దాటలేదు. 2.4 ది నెమ్మది గాని దూరము పోవును. ఒక గోడ మాత్రమే అడ్డున్న ఇండ్లలో చోటు మార్చి, 2.4 కు కలుపుకొనిన చాలును.

చోటు మార్చునప్పుడు ఫైబరు తీగను మీరే లాగవద్దు. అది గాజుపోగు. తెగిన పట్టుపోగును మనము అతుకుకొందుము. ఇది విరిగినచో అతుకుటకు వేరే యంత్రము కావలెను. దాని కొనను కంటికెదురుగా పెట్టి చూడరాదు. అందులోని కాంతి కనపడదు గాని కంటికి హాని చేయగలదు. డబ్బాపై ఎల్.ఓ.ఎస్. అన్నచోట ఎర్రదీపము వెలిగినచో తీగలో వెలుగు సరిగా రావడములేదన్న మాట. అప్పుడు కంపెనీకి తెలుపవలసినదే.

మా ఇంట రెండు గోడలు అడ్డు గనుక చోటు మార్చుటతో పని తీరలేదు. మూలపడియున్న పాత రౌటరొకటి అక్కరకు వచ్చినది. దానిని మొదట విడిగా వెలిగించి, ఫోనును దానికి కలిపి, అడుగునున్న చీటీలోని చిరునామాతో అమరికల పేజీ తెరిచినాము. పెద్ద డబ్బా చిరునామా 192.168.1.1 గనుక దీనికి 192.168.1.2 ఇచ్చినాము. తరువాత దీనిలో డి.హెచ్.సి.పి. అనుదానిని ఆపివేసినాము. ఇంటిలోని ఫోనులకు చిరునామాలు పంచు పని ఒక డబ్బాయే చేయవలెను. ఇద్దరు పంచినచో చిక్కు పడును. వైఫై పేరు, పాస్‌వర్డు రెండింటిలోను ఒకటే ఉంచినాము. ఆపైన రెండు డబ్బాలను లాన్ తీగతో కలిపినాము. ఈ తీగ 100 మీటర్ల వరకు పనిచేయును, మన ఇండ్లకు అంత అక్కరలేదు. తీగ రెండు కొనలును లాన్ అని వ్రాసిన రంధ్రములలోనే పెట్టవలెను. మేము మొదట ఒక కొనను వాన్ రంధ్రములో దూర్చి, ఫోనుకు చిరునామా రాక, సాయంత్రమంతయు పోగొట్టుకొంటిమి. తప్పు కనిపెట్టినది పదవ తరగతి చదువుచున్న మా అమ్మాయి.

ఇక తాళముల సంగతి. డబ్బుల లెక్క ఇప్పుడు ఫోనులోనే గదా. పాస్‌వర్డులు రెండున్నవి: వైఫైలో చేరుటకు ఒకటి, డబ్బా అమరికలు తెరచుటకు ఒకటి. మన సభ్యులలో చాలమంది మొదటిదానిని మార్చి రెండవదానిని మరచుచున్నారు. అది "అడ్మిన్" అనియే యుండిపోవును. వైఫైలో చేరినవాడెవడైనను దానితో లోపలికి పోయి అమరికలను తారుమారు చేయగలడు. రెండును మార్చుడు. ఫోను నంబరు, ఇంటిపేరు వద్దు. పన్నెండు అక్షరములకు తగ్గవద్దు. రక్షణ విధము డబ్ల్యు.పి.ఎ.2 గాని 3 గాని ఉండవలెను. డబ్ల్యు.ఇ.పి. అన్న పాతది 2001 లోనే ఛేదింపబడినది. డబ్ల్యు.పి.ఎస్. అన్న మీట ఉన్నచో ఆపివేయుడు. వచ్చిపోవు బేరగాండ్రకు, పిల్లల స్నేహితులకు అతిథి వైఫై వేరుగా తెరచి ఇండు. కాదనుటకు మొగమాటము గనుక ఇది మన ఇండ్లకు తగినది.

మగ్గపు గదిలో డబ్బా పెట్టిన మరుసటి వారము చెన్నై ఆయనకు మేమే ఫోను చేసినాము. కొంగు, అంచు, బుటా అన్నియు నిదానముగా చూచినారు. బాగున్నదన్నారు. ధర మాత్రము తగ్గించుమన్నారు.