గులాబీకి తిరిగిన ఎరుపు

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మాజ్దా కంపెనీ ఎమ్‌ఎక్స్-5 మియాటాను బయటపెట్టింది. రెండే సీట్లు, వెనక్కి మడిచే టాపు, స్విచ్ నొక్కితే లేచి చూసే హెడ్‌లైట్లు. హిరోషిమాలో తయారై అమెరికా చేరిన ఆ తొలి బండ్లకు వేసిన రంగుల్లో బాగా పేరు పడ్డది క్లాసిక్ రెడ్. ముప్ఫై ఏళ్లు దాటాక టెక్సస్, అరిజోనా ఎండల్లో ఆరుబయట పడి ఉన్న ఆ కార్లను చూస్తే పక్క తలుపులు ఇంకా ఎర్రగానే ఉంటాయి. బోనెట్, డిక్కీ మూత మాత్రం గులాబీకి తిరిగి ఉంటాయి. వారమంతా క్యామ్రీ, ఆదివారానికో పాత మియాటా అనుకునే డాలస్ తెలుగు కుర్రాళ్లు ధర తగ్గిందని సంబరపడేదీ, భార్య ముందు సంజాయిషీ చెప్పుకునేదీ ఇలాంటి బండి గురించే.

ఆ ఎరుపు ఎక్కడికీ పోలేదు. పెయింటంటే రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే రెజిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపైన రెజిన్‌ను తినేస్తే పొడి పట్టు తప్పి తేలుతుంది. వేలితో రాస్తే, సున్నం గోడకు ఆనుకున్న చొక్కాలా వేలు రంగు పూసుకుంటుంది. ఉపరితలం గరుకెక్కడంతో పడిన వెలుతురు నలువైపులా చెదిరి తెల్లగా తిరిగొస్తుంది. కింది ఎరుపులో ఆ తెలుపు కలిస్తే మన కంటికి గులాబీ. నీళ్లు చల్లితే గుంటలు నిండి చెదరడం తగ్గుతుంది, కారు క్షణంలో ఎర్రబడుతుంది. అమ్మకానికి పెట్టిన పాత ఎర్ర కార్ల ఫొటోలన్నీ వాన వెలిసిన వెంటనే తీసినట్టు ఎందుకుంటాయో ఇప్పుడు అర్థమై ఉండాలి.

ముందు తేల్చుకోవాల్సింది ఇది ఏ రకం పెయింటన్నది. ఇప్పటి కార్లలో రంగు పొర మీద వేరే క్లియర్‌కోట్ ఉంటుంది. ఆనాటి క్లాసిక్ రెడ్ సింగిల్ స్టేజ్: రంగూ మెరుపూ ఒకే పొరలో. కనపడని మూల ఒకచోట తెల్లగుడ్డ మీద కాస్త పాలిష్ వేసి రుద్దాలి. గుడ్డ ఎర్రబడితే సింగిల్ స్టేజ్. ఎర్రబడకపోతే మధ్యలో ఎవరో తిరిగి పెయింటు వేయించి ఉండవచ్చు, అమ్మినాయన ఆ సంగతి చెప్పడం మరిచి ఉండవచ్చు.

తరవాతి ప్రశ్న, ఎంత మిగిలిందన్నది. ప్రైమరుతో సహా ఫ్యాక్టరీ పెయింటు మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. వెయ్యి మైక్రాన్లయితే ఒక మిల్లీమీటరు. పాలిష్‌తో గీతలు పోగొట్టడమంటే వాటిని పూడ్చడం కాదు, చుట్టూ ఉన్న పెయింటును గీత అడుగుదాకా అరగదీయడం. గట్టి కాంపౌండ్‌తో, అంటే అరగదీసే ముద్దతో, ఒక విడత చేస్తే రెండు మూడు మైక్రాన్లు పోవచ్చు. గత ముప్ఫై ఏళ్లలో ఎందరు యజమానులు ఎన్ని ఆదివారాలు ఎంతెంత రుద్దారో బండి చెప్పదు. మందం కొలిచే గేజ్ చెబుతుంది. ఇక్కడో చిక్కుంది: తొలి తరం మియాటా బోనెట్ అల్యూమినియం. ఇనుమును మాత్రమే పసిగట్టే చవక గేజ్ సరిగ్గా మనకు కావలసిన చోటే మూగబోతుంది. రెండు లోహాలనూ చదివేది కొనాలి. ప్లాస్టిక్ బంపర్ల మీద అదీ పనిచెయ్యదు. తలుపు మీద ఒక్కసారిగా 500 చూపిస్తే సంతోషించనక్కర్లేదు. అది పెయింటు మందం కాదు, కింద దాచిన సొట్టకు పూసిన పుట్టీ.

కడగడం, క్లే బార్‌తో రుద్దడం అందరికీ తెలిసిన పనులే. కడిగాక అరచేతికి గరుకుగా తగిలేవన్నీ క్లేతో పోవాలి. లేకపోతే పాలిష్ చేసేటప్పుడు అవే కొత్త గీతలు గీస్తాయి.

సింగిల్ స్టేజ్‌కు మాత్రం ఒక పాత పద్ధతి ఉంది, పాలిషింగ్ మెషీన్ తీసేముందు చేసేది. మెగ్వయర్స్ నంబర్ 7 లాంటి నూనె ఎక్కువున్న గ్లేజ్‌ను టర్కీ టవల్‌తో దండిగా పట్టించి, రాత్రంతా వదిలి, పొద్దున తుడిచేస్తారు. పెయింటుకు తిండి పెడుతున్నామంటారు దీని అభిమానులు. పెయింటుకు ఆకలి ఉండదు. కానీ నూనె గరుకు గుంటల్లో దిగి రంగును ముదురు చేస్తుంది, చచ్చిన పొర మెత్తగా ఊడివచ్చేలా చేస్తుంది. దాంతో తరవాత వాడే కాంపౌండ్ పదును తగ్గించుకోవచ్చు. కారణం పొరపాటైనా పని పొరపాటు కాదు.

మెషీన్ విషయంలో డ్యూయల్ యాక్షన్ పాలిషరే మేలు. ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి వేడి ఒకేచోట పోగుపడదు. మన షెడ్లలో రబ్బింగ్‌కు వాడే రోటరీ చేయి తిరిగినవాళ్లకు అద్భుతం, కొత్తవాళ్ల చేతిలో అంచుల దగ్గర నిమిషంలో ప్రైమర్ చూపిస్తుంది. అంచుల మీద పెయింటు మొదటినుంచీ పలచనే. మియాటాలో హెడ్‌లైట్ మూతలంటే దాదాపు అన్నీ అంచులే, వాటికి టేప్ వేసి చేత్తో చేసుకోవడం మంచిది. నల్ల వినైల్ టాపును కూడా కప్పాలి, కాంపౌండ్ దుమ్ము దాని గరుకులో దూరితే తెల్లమచ్చలు తేలిగ్గా వదలవు. బోనెట్‌లో రెండు జానల మేర ఎంచుకుని, అతి మెత్తటి పాలిష్, మెత్తటి ప్యాడ్‌తోనే మొదలుపెట్టాలి. చాలకపోతేనే పదును పెంచాలి. ప్యాడ్ ఎర్రగా నిండిపోతుంది, భయపడనక్కర్లేదు, పోతున్నది చచ్చిన రంగే. అయితే మాటిమాటికీ శుభ్రం చెయ్యకపోతే ఆ రంగునే మళ్లీ పూస్తూ కూర్చుంటాం.

ఎంతవరకు అయిందో తెలుసుకోవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నీళ్లు కలిపి తుడవాలి. నూనె పోయాక మిగిలిన మెరుపే అసలుది. కొన్ని సెకండ్‌హ్యాండ్ కార్లు రెండు వాషింగులకే ముసలివైపోయేది ఈ పరీక్ష అమ్మకానికి ముందు జరగకపోవడం వల్లే. గోరు తగులుకునే గీతను మాత్రం వదిలెయ్యాలి. దాని అడుగు చూడాలంటే పెయింటు అడుగే చూడాల్సివస్తుంది.

ఇదంతా క్లియర్‌కోట్ ఉన్న కారుకు సగమే వర్తిస్తుంది. క్లియర్ మసకబారితే పాలిష్‌తో తేరుకుంటుంది. పొరలుగా లేచిపోతుంటే ఏ మందూ లేదు, ఆ భాగానికి తిరిగి పెయింటు వెయ్యాల్సిందే. లేచిన అంచును పాలిష్ చెయ్యబోతే ఇంకాస్త లేస్తుంది.

చివర్లో సెరామిక్ కోటింగ్ అమ్మేవాళ్లు వస్తారు. డబ్బా మీద 9హెచ్ అని ఉంటుంది. అది పెన్సిల్‌తో గీకి చూసే పరీక్షలో కొలత, వజ్రాలతో దానికి బంధుత్వం లేదు. కింద గీతలుంటే కోటింగ్ వాటిని పోగొట్టదు, భద్రపరుస్తుంది. ఆదివారం బండికి కార్నౌబా మైనం చాలు. దాన్ని తుడిచినప్పుడల్లా గుడ్డకు కాస్త ఎరుపు అంటుతూనే ఉంటుంది, సింగిల్ స్టేజ్ తీరే అంత. మైనమో సీలెంటో రెండు మూడు నెలలకోసారి పడుతూ, బండి నీడలో ఉంటే ఈ పని మళ్లీ చాలా ఏళ్లకు గానీ రాదు. గ్యారేజీలో బండి ఉండాల్సిన చోట అట్టపెట్టెలుండి అది మళ్లీ వీధిలో నిలబడితే, బోనెట్ మళ్లీ గులాబీకి తిరుగుతుంది. అప్పటికి గేజ్‌లో అంకె ఇంకాస్త తగ్గి ఉంటుంది.