కథ చెబితే వచ్చే దేవుడు

కొమురవెల్లి మల్లన్న కథను మన వైపు తరతరాలుగా మోసింది పుస్తకం కాదు, ఒగ్గు పూజారి గొంతు. ఆ గొంతును ఢిల్లీ దాకా వినిపించిన మనిషిది లింగాల ఘనపురం మండలంలోని ఓ చిన్న ఊరు.

ఇంటి ముందు వాకిలి అలికి ఉంటుంది. పందిరి గుంజలకు మామిడాకులు. ఒగ్గు పూజారి వంగి, గుప్పిట్లోంచి పసుపును సన్నటి ధారగా వదులుతూ గీత గీస్తాడు. దాని పక్కన కుంకుమ, ఆ పక్కన తెల్లటి పిండి, ఆపైన ఎండుటాకుల ఆకుపచ్చ పొడి, నల్లటి బొగ్గుపొడి. చూస్తుండగానే వాకిలంతా పరుచుకుంటుంది... పట్నం! మల్లన్న పెళ్లికి వేసే రంగుల పట్నం.

అప్పుడు డోలు మోగుతుంది. కథ మొదలవుతుంది.

మొక్కుకున్న ఇంటివాళ్లకు అది వినోదం కాదు. కథ చెబితేనే దేవుడు వస్తాడు, పెళ్లి జరుగుతుంది, మొక్కు తీరుతుంది. మన గుళ్లలో పూజ అయ్యాక కథ చెప్పుకుంటాం. ఇక్కడ కథే పూజ. తీరా పెళ్లి అయ్యాక, అంత ఓపికగా వేసిన ఆ పట్నం కాళ్ల కింద చెదిరిపోతుంది. మళ్లీ దేవుడు కావాలంటే మళ్లీ పట్నం వేయాలి, మళ్లీ కథ చెప్పాలి.

జనగామకు దగ్గర్లోని లింగాల ఘనపురం మండలంలో ఈ రెండు రకాల దేవుళ్లూ కనిపిస్తారు. జీడికల్లు గుట్ట మీద వీరాచల రామచంద్రస్వామి ఉన్నాడు. ఆయనకు వాల్మీకి ఉన్నాడు, రామాయణం ఉంది. ఎవరు మరిచిపోయినా పుస్తకం తెరిస్తే చాలు. మల్లన్న సంగతి అలా కాదు. గొల్ల, కుర్మల ఇళ్లలో ఆయన కథ ఒక నోటి నుంచి ఇంకో నోటికి దాటుతూ వచ్చింది.

ఇద్దరు భార్యలు, నాలుగు కులాలు

ఈ దేవుణ్ని మనుషులే కల్పించుకున్నారా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆ ప్రశ్న కంటే ఆయన చుట్టూ ఎవరెవరున్నారో చూడటం ఆసక్తికరం. కథలో మల్లన్న పుట్టింది కాపు ఇంట. ఒక భార్య మేడలమ్మ, లింగబలిజల ఆడపడుచు. ఇంకో భార్య కేతమ్మ, గొల్లల పిల్ల. కథ చెప్పి పెళ్లి చేసేది ఒగ్గు పూజారి. ఆ పూజారులు ఎక్కువగా కుర్మ, గొల్ల ఇళ్లవాళ్లే. అంటే, నాగలి పట్టేవాళ్లు, అంగడి నడిపేవాళ్లు, గొర్లు కాసేవాళ్లు - అందరూ ఆయనకు చుట్టాలే! ఊళ్లో నిజంగా పొత్తు కుదరని కులాలు కథలో వియ్యమందాయి. ఏ పండితుడూ కూర్చుని రాయకుండానే ఇంత పనిచేసిన కథ ఇది.

కొమురవెల్లి వెళ్తే ఇదంతా కళ్లకు కడుతుంది. 2016లో జిల్లాల విభజన దాకా ఉమ్మడి వరంగల్లులో ఉండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన ఊరది. ఇంద్రకీలాద్రి గుట్టపై గుడిలో మల్లన్నది రాతి విగ్రహం కాదు, పుట్టమన్నుతో చేసింది. అటూ ఇటూ మేడలమ్మ, కేతమ్మ. లోపల పూజలు వీరశైవ అర్చకులవి. బయట గంగిరేగు చెట్టు దగ్గర పట్నాలు వేసేది ఒగ్గు పూజారులు. ఒకే దేవుడికి రెండు పద్ధతులన్నమాట. మార్గశిరం చివరి ఆదివారం కల్యాణం, సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాల్లో జాతర. బోనాలెత్తిన ఆడవాళ్లు, శివాలూగే శివసత్తులు, ఒళ్లంతా బండారి... ఆ పసుపు పొడి అంటకుండా బయటపడటం ఎవరి వల్లా కాదు.

అన్నట్టు, ఈయనకు పక్క రాష్ట్రాల్లో కూడా రూపాలున్నాయి. మహారాష్ట్రలోని జేజురిలో ఖండోబా, కర్ణాటకలో మైలారుడు. ఖండోబాకూ ఇద్దరు భార్యలే: వర్తకుల ఇంటి మ్హాళసా, ధన్‌గర్ గొర్లకాపరుల పిల్ల బాణాయి. అక్కడా పసుపే! దక్కనులో మందలు తోలుకుంటూ తిరిగినవాళ్ల దారుల వెంట ఈ దేవుళ్ల పోలికలను వెతికిన జర్మన్ పండితుడు గుంథర్ సోంథైమర్, ముగ్గురినీ కలిపి చూశాడు. తేడా ఒక్కటే. ఖండోబాకు సంస్కృతంలో మల్లారి మాహాత్మ్యం ఉంది. మన మల్లన్న మాత్రం డోలునే నమ్ముకున్నాడు. ఓరుగల్లులో మైలారుదేవుడి భక్తుల సాహసాలను క్రీడాభిరామం వర్ణించింది కాబట్టి, ఈ ప్రాంతంలో ఈ కొలుపు కనీసం 600 ఏళ్ల నాటిదని చెప్పొచ్చు.

మాణిక్యాపురం గొంతు

ఒగ్గు అంటే శివుడి చేతిలోని ఢమరుకం. జెగ్గు అని కూడా అంటారు. అది మోగిస్తూ చెప్పే కథ కాబట్టి ఒగ్గు కథ. మధ్యలో ప్రధాన కథకుడు, ఆయన మాటను అందుకుని "అవునా?" అన్నట్టు ఎగదోసే సహాయకుడు, వెనక డోలు, తాళాలు. సహాయకుడు మొద్దుగా ఉంటే కథ నడవదు. సగం నవ్వులు అతని దగ్గరే పుడతాయి. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ... ఈ మూడు కథలే ఈ కళకు మూలధనం. ఒక్కో కథ రాత్రుల తరబడి సాగుతుంది.

1935లో పుట్టిన చుక్క సత్తయ్యది లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం. నెత్తిన తలపాగా, చేతిలో రుమాలు. ఆ రుమాలే కొంగవుతుంది, కత్తవుతుంది, పసిబిడ్డవుతుంది. ఒక్కడే రాజుగా గర్జించి, మరుక్షణం రాణిగా ఏడ్చేవాడు. కొలుపులోని కథకు నటనను, హాస్యాన్ని కలిపి వేదిక ఎక్కించిన ఘనత ఆయనది. 12,000కు పైగా ప్రదర్శనలిచ్చాడని చెబుతారు. రామాయణ ఘట్టాలను ఒగ్గులోకి తెచ్చాడు, అక్షరాస్యత, కుటుంబ నియంత్రణ ప్రచారాలకూ కథలు కట్టాడు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. 2017 నవంబరు 9న కన్నుమూశాడు. అంతకు ఏడేళ్ల ముందే, వేములవాడ వైపు హన్మాజీపేటకు చెందిన మరో మేటి మిద్దె రాములు వెళ్లిపోయాడు.

సత్తయ్య చేసిన పని మామూలుది కాదు. పట్నం లేకుండా, మొక్కు లేకుండా, టికెట్టు కొన్న పట్నవాసం జనం ముందు మల్లన్న కథ చెప్పొచ్చని నిరూపించాడు. కథకు గౌరవం వచ్చింది, రేపటికి భరోసా కూడా వచ్చిందనిపించింది. కానీ ఆ దారిలోనే ఒక చిక్కు ఉంది. వేదిక మీద కథకు సమయం తక్కువ. రాత్రంతా సాగేది గంటకు దిగింది, గంట కాస్తా పావుగంటయింది.

మోగేది ఎక్కువ, చెప్పేది తక్కువ

ఇప్పుడు ఒగ్గు డోలుకు గిరాకీ బాగుంది. రాజకీయ సభ అయినా, బోనాల ఊరేగింపు అయినా, ప్రభుత్వ వేడుక అయినా వరసగా నిలబడి ఒక్క అడుగుతో ఎగిరే డోలు బృందాలు ఉండాల్సిందే. చూడటానికి కన్నుల పండుగ. కుర్రాళ్లు ఇష్టంగా నేర్చుకుంటున్నారు, నాలుగు డబ్బులు వస్తున్నాయి. తప్పు పట్టడానికేం లేదు. డోలు మాత్రం చేరి, కథ ఊళ్లోనే ఉండిపోవడం దగ్గరే దిగులు.

ఎందుకంటే డోలు కొన్ని నెలల్లో పట్టుబడుతుంది. కథ అలా రాదు. పెద్దాయన పక్కన సహాయకుడిగా ఏళ్ల తరబడి నిలబడాలి. ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తెంపాలో, ఎదుట కూర్చున్న ముసలమ్మ కళ్లు తుడుచుకుంటుంటే ఎక్కడ ఆగాలో వినే నేర్చుకోవాలి. జాతర నెలలు పోగా మిగతా ఏడాది కూలికో, మందల వెంటో వెళ్లాల్సిన ఇంట్లో ఆ ఏళ్లు ఎవరిస్తారు? పరిశోధకులు రికార్డు చేసి భద్రపరిచారు, మంచిదే. కానీ రికార్డు వేసి మల్లన్న పెళ్లి చేయించుకునే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? పూజారి కావాలి. ఆయనకు కథ రావాలి.

సంక్రాంతి దాటాక ఏదైనా ఆదివారం కొమురవెల్లి వెళ్తే, దర్శనం అయ్యాక బండి ఎక్కేయకండి. గంగిరేగు చెట్టు వైపు నడవండి. ఏదో కుటుంబం పట్నం వేయించుకుంటూ ఉంటుంది. అడిగితే కూర్చోనిస్తారు. పిల్లలు కూడా ఉంటే మరీ మంచిది, రంగులు చూసి కదలరు. కేతమ్మ పెళ్లి ఘట్టం వచ్చేదాకా ఓపిక పట్టండి. లేచేసరికి మీ చెప్పులకు కూడా పసుపు అంటి ఉంటుంది.